సబ్బుపొడి నిండుకుంది

జూన్ 3, సోమవారం

ఉద్యోగంలో మొదటి రోజు. నా బల్ల మీద "భాషా సహాయకురాలు – తాత్కాలికం" అని కాగితం అంటించారు. నెలాఖరుకు తప్పులు వందకు ఐదు లోపు ఉంటే రెండో మాట కత్తిరించేస్తామని మేనేజరు గారు చెప్పారు. రెండో మాట మొదటిదానికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

నా పనేమిటో నాన్నకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి కూడా "అంటే గోడతో మాట్లాడతావా?" అనే అడిగాడు. నాకైనా అర్థమైందో లేదో ఇక్కడ రాస్తే తేలుతుంది. ఆసుపత్రి లాండ్రీ గోడకు ఒక యంత్రాన్ని తగిలించారు. పేరు సహాయిని. ఎన్ని దుప్పట్లు ఉతికారో, సబ్బుపొడి ఎంత ఉందో పనివాళ్ళు నోటితో చెబితే విని రాసుకుంటుంది. తగ్గిన సరుకును స్టోరు నుంచి తనే తెప్పిస్తుంది. తెలియని మాట తగిలితే అర్థం ఊహించి, "ఫలానా మాటకు ఫలానా అర్థం, సరేనా?" అని నాకు జాబితా పంపుతుంది. నేను సరే అనాలి, లేదా దిద్దాలి. అంటే నేను యంత్రానికి పంతులమ్మను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషినే కాదు, మొదటి పంతులమ్మను కూడా.

అమ్మ అదే లాండ్రీలో మేస్త్రీ. పద్దెనిమిది మంది ఆమె మాట మీద నడుస్తారు. అందరూ దొడ్డమ్మ అంటారు. మేనేజరు గారు నన్ను తీసుకెళ్ళి, "ఈవిడ దొడ్డమ్మ. వీళ్ళెవరికీ చదువు లేదు, మీరే ఓపిక పట్టాలి" అన్నారు. "మా అమ్మండీ" అనబోయాను. అంతలో ఆయనకు ఫోను వచ్చింది. ఫోను అయ్యాక చెప్పి ఉండవచ్చు. కానీ అప్పటికి మాట స్టోరు తాళాల మీదికి మళ్ళింది.

అమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, రెండు చేతులూ జోడించి, "నమస్కారం మేడమ్ గారూ" అంది. కనురెప్ప కూడా ఆడలేదు.

ఇంటికి వచ్చాక: "మేడమ్ గారూ, తమరు కాస్త అంట్లు తోముతారా?"

రేపు చెప్పేస్తాను.

జూన్ 4, మంగళవారం

సందర్భం రాలేదు.

జూన్ 5, బుధవారం

సహాయిని ఏం చెప్పినా "అలాగేనండి" అంటుంది. గొంతు తేనె పూసినట్టు ఉంటుంది. ఇస్త్రీ బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు, అందరికీ ఇస్త్రీ బాబాయి. "ఇది కొత్తకోడలమ్మా. అన్నిటికీ అలాగేనండి అంటుంది, ఆనక తనకు తోచిందే చేస్తుంది" అన్నాడు. అంతే, పేరు స్థిరపడిపోయింది. నేను మాత్రం సహాయిని అనే పిలుస్తున్నాను. పంతులమ్మను కదా.

ఈరోజు తప్పులు: దిండు గలీబులు "రెండు మూడు" చిరిగాయంటే ఇరవై మూడు అని రాసుకుంది. మడతలు పెట్టే ఆవిడ పని అయ్యాక "వస్తా మరి" అంటే "ఎన్ని గంటలకు వస్తారండీ?" అని అడిగింది.

"ఎక్కడికి?"

"ఇక్కడికండి."

"ఇక్కడే ఉన్నాను కదా. పోతున్నాను."

"వస్తున్నారా, పోతున్నారా అండీ?"

"పోతున్నానే! వస్తానంటే పోతానని!"

"అలాగేనండి. పోతానంటే?"

ఆవిడకు బస్సు తప్పిపోయింది. పోతూ పోతూ "నీ మొహం" అంది. "నాకు మొహం లేదండి" అంది సహాయిని. అది విని అమ్మ నిజంగానే జాలిపడింది. "అయ్యో, పాపం పిచ్చితల్లి" అని గోడకున్న పెట్టెను తడిగుడ్డతో తుడిచింది.

జూన్ 6, గురువారం

ఇస్త్రీ బాబాయి చొక్కా గుండీ విప్పుకుంటూ, "ఈ వేడికి చచ్చిపోతున్నాం" అన్నాడట.

"ఎంతమందండీ?"

"ఎంతమందేమిటి, అందరం!"

నాలుగు నిమిషాల్లో మూడు స్ట్రెచర్లు, ఇద్దరు డాక్టర్లు వచ్చారు. వచ్చిన డాక్టర్లను ఎందుకు వృథా చేయాలని ఇస్త్రీ బాబాయి తన మోకాలు చూపించుకున్నాడు.

మేనేజరు గారు నన్ను పిలిచి, "ఇలాగైతే నెలాఖరుకు వందకు ఐదు ఎక్కడ, యాభై అవుతాయి" అన్నారు. ఆయన రోజంతా రిపోర్టులు రాస్తారు, రాసినవి మళ్ళీ చదువుకుని తనే తల ఊపుకుంటారు. మంచివారే.

జూన్ 7, శుక్రవారం

రికార్డు! ఈరోజు మూడు వందల పన్నెండు మాటలు సరిచూశాను, గంటన్నరలో. మొదటి వంద ఒక్కొక్కటే చదివాను. తర్వాత దాని తెలివి మీద నాకు నమ్మకం కుదిరింది. "వేగం అంటే ఇదీ" అన్నారు మేనేజరు గారు.

అమ్మ సంగతి చెప్పడానికి మంచి సందర్భమే. కానీ పొగిడే మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదు.

జూన్ 10, సోమవారం

తప్పులన్నిటికీ మూలం కనిపెట్టాను. పనివాళ్ళు స్పష్టంగా మాట్లాడకపోవడమే. పెద్ద కాగితం మీద అందంగా రాసి లాండ్రీ గోడకు అంటించాను: "చెప్పవలసిన మాటలు – చెప్పకూడని మాటలు". వస్తాను అనవద్దు, వెళుతున్నాను అనాలి. చచ్చిపోతున్నాం అనవద్దు, వేడిగా ఉంది అనాలి. ఇలా నలభై. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

అందరూ వచ్చి చూశారు. "ఎంత బాగుందో" అన్నారు. ఇస్త్రీ బాబాయి చాలాసేపు చదివాడు.

జూన్ 12, బుధవారం

కాగితం మీద ఎవరో తడి తువాలు ఆరేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "రాసింది కనబడదా?" అని అరిచాను. అమ్మ వచ్చి తువాలు తీసి, చాలా నెమ్మదిగా, "కనబడుతుందండీ మేడమ్ గారూ. కనబడటం వరకే" అంది.

పద్దెనిమిది మందిలో చదవడం వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ రెండో షిఫ్టు. ఇస్త్రీ బాబాయి చదివింది అంచు చుట్టూ నేను వేసిన పువ్వుల్ని.

ఈ సంగతి నాకు తెలియదా? పదేళ్ళ వయసు నుంచీ మా ఇంటికి వచ్చిన ప్రతి కాగితమూ చదివి వినిపించింది ఎవరు?

కాగితం తీసేశాను. గోడకు జిగురు మరక మిగిలింది.

జూన్ 13, గురువారం

అమ్మ భోజనం దగ్గర, "మీ కోడలికి నాలుగు రోజులుగా చెబుతున్నానే, సబ్బుపొడి..." అని మొదలుపెట్టింది. "ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దమ్మా" అన్నాను. పెద్ద ఆఫీసుల్లో అలాగే అంటారు.

"అలాగే మేడమ్ గారూ" అంది అమ్మ.

జూన్ 14, శుక్రవారం

తప్పులు వందకు నాలుగున్నర!!

జూన్ 17, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున లాండ్రీలో చెంచాడు సబ్బుపొడి లేదు. శనివారం చివరి డబ్బా దులిపి వాడారట. ఉతకని దుప్పట్లు నా ఎత్తు గుట్ట పడి ఉన్నాయి. స్టోరులో వెతికితే అక్కడా లేదు. లాండ్రీలో సరుకు నిండుగా ఉందని సహాయిని వారం రోజులుగా రాస్తోంది, వచ్చే లారీని కూడా వద్దని చెప్పేసింది.

పది గంటలకు ఆపరేషను గదిలో గౌన్లు లేవు. పెద్ద డాక్టరమ్మ గారు, ఈ ఆసుపత్రికంతా పెద్దావిడ, పిల్లల వార్డు నుంచి దుప్పటి తెచ్చి చుట్టుకుని కిందికి వచ్చారు. పసుపుపచ్చ దుప్పటి, నిండా బాతు బొమ్మలు. అంత కోపంగా ఉన్న మనిషి మీద అన్ని బాతుల్ని చూడటం చాలా కష్టం. ఇస్త్రీ బాబాయి ఇస్త్రీ బల్ల కిందికి దూరాడు. వైరు సరిచేస్తున్నాడట. వైరు సరిచేసేవాడి భుజాలు అంతలా కదలవు.

"ఎవరి పని ఇది?" అన్నారావిడ.

"రేపు రిపోర్టు ఇస్తానండి" అన్నారు మేనేజరు గారు.

జూన్ 18, మంగళవారం

సహాయిని దాచుకున్న మాటల్ని మేనేజరు గారు అందరి ముందూ వినిపించారు. అన్నీ అమ్మ గొంతే.

"అమ్మాయ్, సబ్బుపొడి నిండుకుంది." – "అలాగేనండి."

"అమ్మాయ్, నిన్న చెప్పాను, సబ్బుపొడి నిండుకుంది." – "అలాగేనండి. సంతోషం."

"ఏమే, వినబడుతోందా? నిండుకుంది!" – "అలాగేనండి."

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను. పూర్తిగా నిండుకుంది." – "చాలా సంతోషమండి."

రెండోది వచ్చేసరికే అందరూ పొట్టలు పట్టుకున్నారు. అమ్మ నవ్వలేదు. మేనేజరు గారూ నవ్వలేదు. "నిండుకుందంటే మనకు తెలుసు, అయిపోయిందని. యంత్రానికెలా తెలుస్తుంది? అయిపోయింది అనొచ్చు కదా?"

"ఆ మాట అనకూడదండీ" అంది అమ్మ. "లేదు, అయిపోయింది అంటే, అది విని ఇంట్లోనే కూర్చుంటుంది."

"ఏది?"

"లేకపోవడం."

మేనేజరు గారు రిపోర్టులో ఏదో రాసుకున్నారు. "మేడమ్ కాగితం కూడా అంటించారు కదా" అన్నారు. రేపటి నుంచి అమ్మ చింపుడు గదికి. పాతబడ్డ దుప్పట్లను గుడ్డపీలికలుగా చింపే గది, కిటికీ ఉండదు. మేస్త్రీ పని ఇస్త్రీ బాబాయికి. ఎల్లుండి కాక ఆ మర్నాడు పెద్ద డాక్టరమ్మ గారి ముందు సహాయినికి పరీక్ష. అది బాగా జరిగితే నా బల్ల మీది రెండో మాట అప్పుడే కత్తిరించేస్తారు.

అమ్మ తల వంచుకుని "అలాగేనండి" అంది.

సాయంత్రం ఏడో తేదీ జాబితా తీసి చూశాను. రెండు వందల నలభై ఏడో మాట. "నిండుకుంది = నిండుగా ఉంది. సరేనా?" పక్కన "సరే". దాని పక్కన నా ఉద్యోగి నంబరు.

జూన్ 19, బుధవారం

ఏమీ లేదు. మామూలే.

తర్వాత రాస్తున్నది: ఊహించింది యంత్రం. నేను సరే అన్నాను, అంతే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ ఆ మాట వింటున్నానన్నది వేరే విషయం. ఉద్యోగం ఖాయమైతే అమ్మను పని మాన్పించవచ్చు. కాబట్టి ఇప్పుడు నేను ఊరుకోవడం అమ్మ కోసమే. ఎటు నుంచి చూసినా అంతే. ఎన్నిసార్లు చూసినా అంతే.

జూన్ 20, గురువారం

అమ్మ ఇంట్లో ఫిర్యాదు చేయడం లేదు. ఫిర్యాదు చేయని అమ్మను నేనెప్పుడూ చూడలేదు. జుట్టంతా నూలు పోగులు. నన్ను మేడమ్ గారూ అనలేదు, అంట్లు తోమమనలేదు. తనే తోముకుంది. నాన్న తాపీ పని నుంచి వచ్చి, "ఇల్లేంటి ఇంత మర్యాదగా ఉంది, ఎవరికి బాగోలేదు?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ లాండ్రీలో ఎవరూ లేనప్పుడు సహాయిని దగ్గరికి వెళ్ళాను.

"నిండుకుంది అంటే ఏమిటి?"

"నిండుగా ఉందని అర్థమండి. మీరే చెప్పారు."

"కాదు. అయిపోయిందని అర్థం. దిద్దుకో."

"అలాగేనండి. పాత అర్థం ఎవరు చెప్పారని అడిగితే?"

"ఎవరికీ చెప్పకు."

"అలాగేనండి."

సాయంత్రం జాబితాలో మొదటి మాట: "ఎవరికీ చెప్పకు = ఎవరికీ చెప్పవద్దు. సరేనా?" పక్కన వేళ, నా నంబరు. ఆ జాబితా నకలు మేనేజరు గారి బల్ల మీదికి పోతుంది. చెరిపేయడానికి ఒక్క మీట చాలు.

చెరిపేశాను.

జూన్ 21, శుక్రవారం

పెద్ద డాక్టరమ్మ గారు, మేనేజరు గారు, నేను, లాండ్రీ వాళ్ళందరూ యంత్రం ముందు నిలబడ్డాం. కొత్త మేస్త్రీ హోదాలో ఇస్త్రీ బాబాయి తల దువ్వుకుని వచ్చాడు. స్పష్టంగా మాట్లాడమని మేనేజరు గారు నేర్పారు. ఆయన చేతులు కట్టుకుని, "ఓ యంత్రమా! సబ్బుపొడి సమాప్తమైనది!" అన్నాడు.

"మీ ఆరోగ్యం బాగుందాండీ?" అంది సహాయిని.

పెద్ద డాక్టరమ్మ గారు నవ్వాపుకున్నారు. "ఇంతకుముందు చెప్పినావిడ ఎవరు? పిలవండి."

అమ్మ వచ్చింది. డాక్టరమ్మ గారు ఏమీ అడగకముందే, "నాదేనండీ పొరపాటు. చదువు లేనిదాన్ని, నోరు తిరగలేదు. అమ్మాయిగారు కాగితం మీద రాసి పెట్టారు కూడా" అంది. నా వైపు చూడలేదు. గోడ మీద జిగురు మరకను చూస్తూ అంది.

"అమ్మా, నువ్వు ఆగు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేనేజరు గారు మురిసిపోతూ, "చూశారా డాక్టరు గారూ, చదువుకున్న పిల్లయినా పనివాళ్ళను అమ్మా అని ఎంత మర్యాదగా పిలుస్తుందో!" అన్నారు.

"మర్యాద కాదండీ. అమ్మే."

"అదే, అమ్మలాంటిదే కదా ఎవరైనా..."

"లాంటిది కాదండీ! నన్ను కన్న అమ్మ!"

ఆయన నోరు తెరిచి అమ్మను చూశారు, నన్ను చూశారు. లాండ్రీ అంతా గొల్లుమంది. "ఆ ముక్కు చూస్తే తెలియడం లేదా బాబూ?" అంది మడతలు పెట్టే ఆవిడ. "పిల్ల పరీక్ష పాసైనప్పుడల్లా దొడ్డమ్మ మాకు చెప్పి చెప్పి చెవులు చిల్లులు పొడిచింది. ఉద్యోగంలో చేరే రోజున ఏ చీర కడుతుందో కూడా మాకు ముందే తెలుసు" అన్నాడు ఇస్త్రీ బాబాయి. అందరికీ తెలుసు. పద్దెనిమిది రోజులుగా పద్దెనిమిది మంది మొహం మీద ఏమీ కనబడనివ్వకుండా నన్ను మేడమ్ గారూ అన్నారు.

అక్కడితో ఆగిపోవచ్చు, అందరూ నవ్వుతున్నారు కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందని రాసుకోవాలి. తర్వాత ఏడో తేదీ జాబితా తెచ్చి ఇచ్చాను. రెండు వందల నలభై ఏడు. నిన్న చెరిపేసింది కూడా చెప్పాను.

పెద్ద డాక్టరమ్మ గారు జాబితా తిప్పి చూశారు. "గంటన్నరలో మూడు వందల పన్నెండా? నేను మందుల చీటీ ఇలా రాస్తే ఏమవుతుంది?"

"రోగి నిండుకుంటాడండీ" అంది అమ్మ. అలవాటుగా వచ్చేసింది.

ఈసారి ఆవిడ ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత తీర్పు చెప్పారు. అమ్మ తిరిగి మేస్త్రీ. నా కాగితం మీద రెండో మాట ఇంకో మూడు నెలలు అలాగే ఉంటుంది, ఆ తర్వాత చూస్తారు. ఇకమీదట ప్రతి మాటా నేను పైకి చదవాలి, దొడ్డమ్మ వినాలి, ఆమె ఔనంటేనే సరే నొక్కాలి.

మేస్త్రీ పని పోయినందుకు ఇస్త్రీ బాబాయి, "హమ్మయ్య, ఆ భాష నా వల్ల కాదు" అన్నాడు.

ఇంటికి వెళుతుంటే అమ్మ రెండు వీధులు నాకు పది అడుగుల ముందు నడిచింది. మూడో వీధిలో మొదలుపెట్టింది. "నోరు మూసుకుంటే ఖాయమైపోయేది కదే! నాకేం, చింపుడు గదిలో కూర్చునే పని. వెర్రిమొహమా, అంతమందిలో అరుస్తావా?" ఇల్లు వచ్చేదాకా తిట్టింది. గడపలో చెప్పులు విడిచేటప్పుడు, "అయినా అరిచింది బాగానే వినబడింది" అంది.

జూన్ 24, సోమవారం

అమ్మ నా బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో ఒక తువాలు వేసుకుని మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. నేను చదువుతున్నాను.

"దీపం కొండెక్కింది అంటే దీపం కొండ మీదికి వెళ్ళింది. సరేనా?"

అమ్మకు పొలమారింది. నీళ్ళు తాగించాల్సి వచ్చింది. ఒక గంటకు పదకొండు మాటలయ్యాయి. మేనేజరు గారు గుమ్మంలోంచి చూసి, నిట్టూర్చి, రిపోర్టు రాసుకోవడానికి వెళ్ళిపోయారు.

అంతలో సహాయిని పని ఆపేసింది. కొత్తగా అర్థాలు చెబుతున్నవారి వివరాలు కావాలట. పేరు చెప్పాం, వయసు సుమారుగా చెప్పాం. "విద్యార్హత?" అంది. గీత పెట్టబోయాను. ఖాళీగా ఉంటే ముందుకు పోదట.

"ఏమంటోంది?" అంది అమ్మ.

"ఏం చదువుకున్నావని అడుగుతోంది."

అమ్మ తువాలు మడత పూర్తిచేసింది. పెట్టె వైపు వంగి, నెమ్మదిగా, స్పష్టంగా, "అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు ఉతికాను" అంది.

"అలాగేనండి. నమోదు చేశాను" అంది సహాయిని. పని మళ్ళీ కదిలింది.

జూన్ 25, మంగళవారం

పొద్దున జాబితాలో ఐదో మాట: "ఉతికాను = చదువుకున్నాను. సరేనా?"

ఒకటికి మూడుసార్లు చదివాను. ఇది తప్పని నాకు తెలుసు. దీనివల్ల ఎన్ని గౌన్ల లెక్క తారుమారవుతుందో కూడా తెలుసు. ఇలా దిద్దాను: "ఉతికాను = బట్టలు ఉతికాను. దొడ్డమ్మ గారు చెప్పినప్పుడు మాత్రం రెండూ."

పైకి చదివాను.

"ఆ, అలా రాయి" అంది అమ్మ.